‘ఫిగర్ అవుట్’ వాడటం ఎలా: కనుక్కోవడం వేరు, తేల్చుకోవడం వేరు

ఇంగ్లీషు వ్యాకరణం శ్రద్ధగా చదువుకున్న తెలుగువారు కూడా మాటల్లో తడబడే చోట్లలో ‘ఫిగర్ అవుట్’ ఒకటి. ఈ తడబాటుకు కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదు, మన ‘కనుక్కోవడం’ అనే క్రియ చాలా విశాలమైనది కావడం. బస్సు ఎన్ని గంటలకు బయలుదేరుతుందో డిపోలో అడిగి కనుక్కుంటాం. ఎక్కడో పెట్టి మరిచిపోయిన తాళంచెవిని ఇల్లంతా వెతికి కనుక్కుంటాం. నెలాఖరు లెక్కలో తేడా ఎక్కడ వచ్చిందో కూర్చుని ఆలోచించి కనుక్కుంటాం. తెలుగులో ఒకే మాటతో నడిచిపోయే ఈ మూడు పనులకూ ఇంగ్లీషులో మూడు వేర్వేరు క్రియలున్నాయి. అడిగో చదివో తెలుసుకుంటే ‘ఫైండ్ అవుట్’, వెతికితే దొరికినదానికి ఉత్త ‘ఫైండ్’, బుర్రపెట్టి ఆలోచించి తేల్చుకున్నదానికి ‘ఫిగర్ అవుట్’.

మూడింటికీ ‘ఫైండ్ అవుట్’ వాడేయడం మనలో బాగా స్థిరపడిన అలవాటు. ‘ఐ కుడ్ నాట్ ఫైండ్ అవుట్ మై పెన్’ అనే వాక్యాన్ని తరగతి గదుల్లోనూ ఆఫీసుల్లోనూ తరచుగా వింటాం. పెన్ను వస్తువే గాని సమాచారం కాదు కనుక అక్కడ ‘అవుట్’కు చోటు లేదు. ‘ఐ కుడ్ నాట్ ఫైండ్ మై పెన్’ అంటే చాలు. ఈ మొదటి పొరపాటు సరిదిద్దుకోవడం తేలిక. అసలు కష్టం ‘ఫైండ్ అవుట్’కూ ‘ఫిగర్ అవుట్’కూ మధ్య ఉన్నది, ఎందుకంటే రెండింటిలోనూ చివరికి మనకు తెలియనిదేదో తెలుస్తుంది. తేడా అంతా అది ఎలా తెలిసిందన్న దానిలోనే ఉంది.

మాట లోపలి అర్థం

‘ఫిగర్’ అనే మాటకు మూలార్థం ఆకారం. లాటిన్‌లోని ‘ఫిగురా’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ఈ పదం అంకె అనే అర్థాన్ని కూడా సంతరించుకుంది. మన ఆఫీసుల్లో ‘ఈ నెల ఫిగర్స్ పంపండి’ అన్నప్పుడు వినిపించేది ఆ అర్థమే. అంకెకు సంబంధించిన నామవాచకం లెక్కవేయడమనే క్రియగా మారింది. దానికి బయటికి అనే అర్థమున్న ‘అవుట్’ చేరినప్పుడు, చిక్కుబడి ఉన్న సమాధానం బయటపడేదాకా లెక్కవేయడమనే భావం ఏర్పడింది. ఆ తరువాత అంకెలు లేని విషయాలకు కూడా, అంటే ఆలోచించి అంతు తేల్చుకోవలసిన ప్రతిదానికీ, ఇదే మాట విస్తరించింది.

తెలుగు కూడా సరిగ్గా ఇదే దారిలో నడిచిందన్న సంగతి గమనిస్తే ఈ మాట ఇక మరిచిపోలేం. ‘లెక్క తేలింది’ అంటాం. తేలడమంటే నీటి అడుగున ఉన్నది పైకి కనిపించడం, తేల్చడమంటే దాన్ని పైకి తేవడం. ఇంగ్లీషువారి లెక్క బయటికి వస్తే మన లెక్క పైకి తేలుతుంది. ‘నా లెక్క ప్రకారం వాడు ఈపాటికి ఊరు చేరి ఉండాలి’ అన్నప్పుడు ఆ లెక్కలో అంకెలేమీ ఉండవు, ఉన్నది ఊహ మాత్రమే. అమెరికన్లు ‘ఐ ఫిగర్’ అని మొదలుపెట్టి చెప్పే వాక్యాల్లో ఉన్నదీ అదే ఊహ. అందువల్ల ‘ఫిగర్ అవుట్’ను ‘అర్థం చేసుకొను’ అని కాకుండా ‘లెక్క తేల్చుకొను’ అని గుర్తుపెట్టుకోవాలని నా సలహా. అర్థం చేసుకోవడంలో శ్రమ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తేల్చుకోవడంలో శ్రమ తప్పకుండా ఉంటుంది, ‘ఫిగర్ అవుట్’లోనూ అంతే.

క్రియ వెనక చిన్న మాటను చేర్చి అర్థాన్ని మార్చే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తుందని శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన తన ఇంగ్లీషు నిఘంటువు పీఠికలోనే రాశాడు. ఇలాంటి క్రియలకు ‘ఫ్రేజల్ వర్బ్’ అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. తెలుగువారు దీన్ని చూసి బెదరవలసిన పని లేదు. తినమనడానికీ తినేయమనడానికీ, పడడానికీ పడిపోవడానికీ, చెప్పడానికీ చెప్పేయడానికీ ఉన్న తేడాలను మనం పసితనం నుంచే పలుకుతున్నాం. మనం క్రియ వెనక మరో క్రియను తగిలిస్తాం, వారు ‘అవుట్’, ‘అప్’, ‘ఆఫ్’ వంటి మాటలను తగిలిస్తారు. రెండు భాషల్లోనూ వెనక చేరిన ముక్కే వాక్యానికి అసలు రుచిని ఇస్తుంది.

ఎప్పుడు వాడాలి: ఒక్క ప్రశ్న

వాక్యం నోటికి వచ్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ సమాధానం నాకు బయటి నుంచి అందిందా, నా తలలో తయారైందా? ఎవరో చెబితేనో, ఎక్కడో చదివితేనో, కళ్లారా చూస్తేనో తెలిసినది ‘ఫైండ్ అవుట్’. చేతిలో ఉన్న ఆధారాలను ఒకదానికొకటి జోడించి మనమే ఒక నిర్ణయానికి వస్తే అది ‘ఫిగర్ అవుట్’.

ఎంసెట్ అని జనం ఇప్పటికీ పిలుచుకునే ఈఏపీసెట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పరీక్ష తరువాత ప్రాథమిక కీ విడుదలవుతుంది. విద్యార్థి తన జవాబులను దానితో పోల్చుకుని, సరైనవెన్నో లెక్కపెట్టుకుని, తనకు ఎన్ని మార్కులు రావచ్చో తేల్చుకుంటాడు. ఆ రోజు అతను అనవలసిన వాక్యం ‘ఐ ఫిగర్డ్ అవుట్ మై స్కోర్ ఫ్రమ్ ది కీ’. కొన్ని రోజులకు ఫలితాలు వెలువడతాయి, వెబ్‌సైట్‌లో హాల్ టికెట్ నంబరు కొట్టి ర్యాంకు చూసుకుంటాడు. అప్పుడు అనవలసినది ‘ఐ ఫౌండ్ అవుట్ మై ర్యాంక్ దిస్ మార్నింగ్’. రెండు వాక్యాల్లోనూ తెలుగులో ‘తెలిసింది’ అనేస్తాం. ఇంగ్లీషు మాత్రం మొదటిదానిలో శ్రమను, రెండోదానిలో సమాచారం అందడాన్ని వేరుచేసి చూపుతుంది.

ఈ తేడా ఉద్యోగంలో మరీ ముఖ్యం. రాత్రి సర్వర్ ఎందుకు ఆగిపోయిందో మీరు లాగ్‌లన్నీ చదివి, ఒక్కొక్క అనుమానాన్నే తీర్చుకుంటూ తేల్చారనుకోండి. మరునాడు సమావేశంలో ‘ఐ ఫౌండ్ అవుట్ వై ది సర్వర్ వెంట్ డౌన్’ అంటే అది తప్పు వాక్యం కాదు గాని, ఎవరో చెబితే మీకు తెలిసిందని కూడా వినేవారు అనుకోవచ్చు. ‘ఐ ఫిగర్డ్ అవుట్ వై ది సర్వర్ వెంట్ డౌన్’ అన్నప్పుడే ఆలోచన మీదని స్పష్టమవుతుంది. ఇంటర్వ్యూల్లో తాము స్వయంగా పరిష్కరించిన సమస్యల గురించి చెప్పేటప్పుడు కూడా మనవారు ‘ఫైండ్ అవుట్’ అని, కష్టపడి సంపాదించుకున్న గుర్తింపును తామే తగ్గించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. దీనికి తలకిందులుగా, సహోద్యోగి చెప్పిన కారణాన్ని ‘ఐ ఫిగర్డ్ అవుట్’ అని చెప్పడం వారి శ్రమను మన ఖాతాలో వేసుకోవడమే అవుతుంది.

తెలుగులో ఈ తేడాను పట్టించే క్రియలు లేకపోలేదు. ‘ఆరా తీయడం’, ‘వాకబు చేయడం’, ‘కూపీ లాగడం’ ‘ఫైండ్ అవుట్’ వైపు ఉంటాయి. ‘తేల్చుకోవడం’, ‘పసిగట్టడం’, ‘అంతు తెలుసుకోవడం’ ‘ఫిగర్ అవుట్’ వైపు ఉంటాయి. మనసులో ‘కనుక్కున్నాను’ అనే మాట మెదిలినప్పుడు, దాన్ని ముందు ఈ రెండు వరసల్లో దేనితోనైనా మార్చి చూసుకుంటే ఇంగ్లీషు క్రియ దానంతట అదే దొరుకుతుంది.

దేని గురించి వాడవచ్చు

చిక్కు సమస్య, జవాబు, ఖర్చు, మార్గం వంటి నామవాచకాలు ఈ క్రియ వెనక సహజంగా వస్తాయి. ‘వీ హావ్ టు ఫిగర్ అవుట్ ది టోటల్ కాస్ట్’ అంటే మొత్తం ఖర్చెంతో లెక్క తేల్చాలని అర్థం. ‘ఫిగర్ అవుట్ ఎ వే’ అన్నది ఒక దారి ఆలోచించడం. ‘షి ఫిగర్డ్ అవుట్ ఎ వే టు ఫినిష్ ది వర్క్ బై ఫ్రైడే’ అన్న వాక్యంలో ఆమె ఉపాయం కనిపెట్టిందన్న మెచ్చుకోలు కూడా ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఈ క్రియ వెనక వచ్చేవి ‘హౌ’, ‘వై’, ‘వాట్’, ‘హూ’, ‘వేర్’, ‘వెదర్’ మాటలతో మొదలయ్యే ఉపవాక్యాలు. మనం ‘ఎలాగో’, ‘ఎందుకో’, ‘ఎవరో’ అని ఓకారంతో చెప్పేవన్నీ ఇక్కడికి చేరతాయి. ‘ఈ మిషన్ ఎలా పనిచేస్తుందో తేల్చుకోలేకపోతున్నాను’ అన్నదానికి ‘ఐ కాంట్ ఫిగర్ అవుట్ హౌ దిస్ మెషీన్ వర్క్స్’ అనాలి. ఇక్కడ మనవారు చేసే పొరపాటు ఉపవాక్యంలోనూ ప్రశ్న వరసనే ఉంచడం. ‘ఐ కాంట్ ఫిగర్ అవుట్ వై ఈజ్ హీ యాంగ్రీ’ అనడం సరికాదు, ‘వై హీ ఈజ్ యాంగ్రీ’ అనాలి. తెలుగులో ‘అతనికి ఎందుకు కోపం వచ్చింది?’ అనే ప్రశ్న ‘అతనికి ఎందుకు కోపం వచ్చిందో’ అని చివర ఒక్క ఓకారంతో మారిపోతుంది. ఆ ఓకారం చేసే పనిని ఇంగ్లీషులో పదాల వరస మారడం చేస్తుంది. కాబట్టి తెలుగు వాక్యంలో ‘ఓ’ వినిపించిన ప్రతిచోటా ఇంగ్లీషులో కర్త ముందు, ‘ఈజ్’ తరువాత అని గుర్తుంచుకోవాలి.

మనుషుల గురించి కూడా ఈ మాట వాడతారు. ‘ఐ కాంట్ ఫిగర్ హిమ్ అవుట్’ అంటే ఆ మనిషి నాకు అంతుబట్టడం లేదని. ఇందులో నింద లేదు, ఆశ్చర్యం ఉంది. కానీ ఎదుటి మనిషితోనే ‘ఐ హావ్ ఫిగర్డ్ యూ అవుట్’ అంటే ‘నీ సంగతి నాకు తెలిసిపోయింది’ అన్నట్టుగా మోగుతుంది. సానుభూతితో ‘మీ మాట నాకు అర్థమైంది’ అనదలచినప్పుడు దీన్ని పొరపాటున కూడా వాడకూడదు. అక్కడ ‘ఐ అండర్‌స్టాండ్’ అన్నదే సరైన మాట.

ఇక ముందుముందు చేసుకోవలసిన ఏర్పాట్ల గురించి చెప్పే ‘వీ విల్ ఫిగర్ సంథింగ్ అవుట్’ అనే వాక్యం ఉంది. ఆఖరి రైలు తప్పిపోయి స్టేషన్లో దిగాలుగా నిలబడ్డ మిత్రునితో ‘ఏదో ఒకటి చూద్దాంలే’ అంటామే, ఆ ధైర్యవచనమే ఇది. సమాధానం ఇంకా తెలియదు గాని దొరుకుతుందన్న భరోసా ఇందులో ఉంటుంది. ‘సంథింగ్’ మధ్యలో రావడం గమనించండి. ఆ మధ్యస్థానం గురించే ఇప్పుడు చెప్పుకోవాలి.

పదాల వరస

‘ఫిగర్’, ‘అవుట్’ విడదీయదగిన జంట. నామవాచకం అయితే రెండు చోట్లా పెట్టవచ్చు: ‘ఫిగర్ అవుట్ ది ఆన్సర్’ అన్నా, ‘ఫిగర్ ది ఆన్సర్ అవుట్’ అన్నా తప్పు లేదు. ‘ఇట్’, ‘దెమ్’, ‘హిమ్’, ‘హర్’ వంటి సర్వనామాలు మాత్రం మధ్యలోనే రావాలి. ‘ఫిగర్ అవుట్ ఇట్’ అని ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఎవరూ అనరు, ‘ఫిగర్ ఇట్ అవుట్’ అనే అంటారు. ఇక దేన్ని తేల్చుకుంటున్నామో చెప్పే భాగం పొడవుగా ఉన్నప్పుడు, ముఖ్యంగా ‘హౌ’, ‘వై’లతో మొదలయ్యే ఉపవాక్యం ఉన్నప్పుడు, దాన్ని పూర్తిగా ‘అవుట్’ తరువాతే ఉంచాలి. పొడవైన మాటల మధ్య ఇరుక్కున్న ‘అవుట్’ దేనికి చెందిందో వినేవారికి తెలియకుండా పోతుంది.

ఉచ్చారణలో కూడా ఈ వరస వినిపిస్తుంది. సర్వనామం మధ్యలో ఉన్నప్పుడు దానిమీద ఊనిక పడదు, ‘అవుట్’ మీద పడుతుంది. బ్రిటన్‌లో ‘ఫిగ’ అనీ, అమెరికాలో ‘ఫిగ్యర్’ అనీ పలుకుతారు. ‘ఫిగర్ ఇట్ అవుట్’లోని మూడు మాటలూ కలిసినప్పుడు బ్రిటిష్ పలుకుబడిలో కూడా చివరి రకారం తిరిగి వచ్చి ‘ఫిగరిటౌట్’ అవుతుంది, అమెరికన్ల నోట అది ‘ఫిగ్యరిడౌట్’ అన్నట్టు వినిపిస్తుంది. అమెరికా ఫోన్ కాల్‌లలో ఈ మాట మనవారికి అంతుచిక్కకపోవడానికి అదే కారణం, మూడు పదాలు ఒకే పదంగా చెవిన పడతాయి. ఒక్కో పదం విడివిడిగా సాధన చేయడం కన్నా మొత్తాన్ని ఒకే మాటగా పదిసార్లు పలకడం మేలు.

మరో రెండు చిక్కులు మన వాక్య నిర్మాణం నుంచి వస్తాయి. తెలుగులో ‘లెక్క తేలడం లేదు’ అన్నప్పుడు లెక్కే కర్త. ఇంగ్లీషులో ‘ది అకౌంట్ ఈజ్ నాట్ ఫిగరింగ్ అవుట్’ అనకూడదు, ఎందుకంటే తేల్చే మనిషి అక్కడ కర్త స్థానంలో ఉండి తీరాలి. అలాగే ‘నాకు అర్థం కావడం లేదు’లోని వర్తమానాన్ని పట్టుకుని ‘ఐ యామ్ నాట్ ఫిగరింగ్ అవుట్’ అనడం కూడా సరికాదు. ఈ రెండింటికీ సహజమైన రూపం ‘ఐ కాంట్ ఫిగర్ ఇట్ అవుట్’. ప్రయత్నం సాగుతోందని చెప్పదలిస్తే ‘ఐ యామ్ ట్రైయింగ్ టు ఫిగర్ ఇట్ అవుట్’ అనో ‘ఐ యామ్ స్టిల్ ఫిగరింగ్ ఇట్ అవుట్’ అనో అనాలి, పని పూర్తయితే ‘ఐ ఫిగర్డ్ ఇట్ అవుట్’ అనాలి. ‘డిడ్’ వచ్చినచోట ‘ఫిగర్డ్’ రాకూడదన్నది అందరికీ తెలిసిన నియమమే.

ఎవరితో వాడాలి, ఎవరితో కూడదు

ఇది మాట్లాడే భాషకు చెందిన మాట. మిత్రులతో, సహోద్యోగులతో, రోజువారీ ఆఫీసు సందేశాల్లో నిరభ్యంతరంగా వాడవచ్చు. ‘లెట్ మీ ఫిగర్ దిస్ అవుట్ అండ్ గెట్ బ్యాక్ టు యూ’ అని కస్టమర్‌తో అన్నా మర్యాదకు లోటు లేదు. పరిశోధన పత్రంలోనూ, ప్రభుత్వ కార్యాలయానికి రాసే దరఖాస్తులోనూ, న్యాయపరమైన లేఖలోనూ మాత్రం దీనికి బదులు సందర్భాన్ని బట్టి మరో క్రియను ఎంచుకోవాలి: కారణం నిర్ధారించినప్పుడు ‘డిటర్మిన్’, లోపాన్ని గుర్తించినప్పుడు ‘ఐడెంటిఫై’, అంకెల పని అయితే ‘క్యాలిక్యులేట్’, సమస్య తీర్చినప్పుడు ‘రిజాల్వ్’.

ఆజ్ఞార్థకంలో వాడేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ‘ఫిగర్ ఇట్ అవుట్’ అని ఒంటరిగా అంటే ‘అదేదో నువ్వే చూసుకో’ అన్నంత కటువుగా ఉంటుంది. కింది ఉద్యోగితో అంటే విసుగు, పై అధికారితో అంటే అమర్యాద. తెలుగులో ‘మీరు’, ‘అండి’ చేర్చి మాటను మెత్తబరచగలం. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు కనుక వాక్య నిర్మాణాన్నే మార్చాలి. ‘కుడ్ వీ ఫిగర్ దిస్ అవుట్ టుగెదర్?’ అని ‘వీ’తో అడిగితే అదే పని మర్యాదగా జరుగుతుంది. ‘దయచేసి’ అనుకుని ‘ప్లీజ్ ఫిగర్ ఇట్ అవుట్’ అన్నా కటుత్వం పోదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా.

దగ్గరి మాటలు

అమెరికాలో ‘ఫిగర్ అవుట్’ అనే చోట బ్రిటన్‌లో ‘వర్క్ అవుట్’ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. అక్కడి మాటల్లో ‘సస్ అవుట్’ కూడా ఉంది, అది మన ‘పసిగట్టడాని’కి చాలా దగ్గర. ‘మేక్ అవుట్’ అంటే మసకగా ఉన్నదాన్నో లీలగా వినిపించేదాన్నో కష్టం మీద పోల్చుకోవడం. డాక్టరు చేతిరాత చదవలేకపోతే ‘ఐ కాంట్ మేక్ అవుట్ ది హ్యాండ్‌రైటింగ్’ అంటాం. అక్కడ ఆలోచన కన్నా కన్ను ముఖ్యం.

‘అవుట్’ లేని ‘ఫిగర్’ వేరే పని చేస్తుంది. ‘ఐ ఫిగర్డ్ యూ వుడ్ బి టైర్డ్’ అంటే ‘అలిసిపోయి ఉంటావనుకున్నాను’ అని మాత్రమే, ఏదో తేల్చుకున్నానని కాదు. ‘దట్ ఫిగర్స్’ అంటే ‘అనుకున్నట్టే అయింది’.

కొంచెం సాధన

ఈ కింది తెలుగు వాక్యాలను ముందు మీరే ఇంగ్లీషులో అనుకుని, ఆ తరువాత చదవండి. ‘రైలు ఆలస్యమని స్టేషన్లో చెప్పారు, అప్పుడు తెలిసింది’ అన్నదానికి ‘ఐ ఫౌండ్ అవుట్ ఎట్ ది స్టేషన్ దట్ ది ట్రైన్ వాజ్ లేట్’ అనాలి, ఎందుకంటే మరొకరు చెప్పారు. ‘ఆయన తడబాటు చూసి అబద్ధమాడుతున్నాడని పసిగట్టాను’ అన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, ఆధారాలు మనమే జోడించాం. కనుక ‘ఐ ఫిగర్డ్ అవుట్ దట్ హీ వాజ్ లైయింగ్’. ‘ఈ తాళం ఎలా తెరవాలో అంతుబట్టడం లేదు’ అంటే ‘ఐ కాంట్ ఫిగర్ అవుట్ హౌ టు ఓపెన్ దిస్ లాక్’. ‘కళ్లజోడు దొరికిందా?’ అంటే ‘డిడ్ యూ ఫైండ్ యువర్ గ్లాసెస్?’ అని, అందులో ‘అవుట్’ లేదు. చివరగా, పెళ్లికి మండపం కుదిరిందా అని బంధువులు అడిగితే ‘ఇంకా ఆలోచిస్తున్నాం, తేలలేదు’ అంటామే, దానికి ‘వీ ఆర్ స్టిల్ ఫిగరింగ్ ఇట్ అవుట్’ అంటే సరిపోతుంది.